హియర్‌సే మినహాయింపులన్నీ బట్టీ పట్టాలా? అమెరికాలో ఎవిడెన్స్ చదువుతున్న మనవాళ్ల కోసం

ప్రశ్న అడిగినవారు విజయవాడలో ఎల్ఎల్‌బీ పూర్తిచేసి, ఇప్పుడు అమెరికాలో ఎల్ఎల్ఎం చదువుతున్నారు. ఎవిడెన్స్ కోర్సులో హియర్‌సే (విన్న మాట సాక్ష్యం) దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ మొదలైందని రాశారు. వారి సందేహాలు క్లుప్తంగా ఇవి. కోర్టు బయట అన్న మాట ఏదైనా హియర్‌సేనే కదా, మరి అందులో సగం లోపలికి ఎలా వస్తోంది? అమెరికా ఫెడరల్ రూల్స్ ఆఫ్ ఎవిడెన్స్‌లో రూల్ 803 ఒక్కదానిలోనే 23 మినహాయింపులున్నాయి, అన్నీ బట్టీ పట్టాలా? ఇండియాలో చదివిన ఎవిడెన్స్ యాక్ట్ ఇక్కడ పనికొస్తుందా, అడ్డమొస్తుందా?

సూటిగా చెప్తాను. బట్టీ పట్టడం చివరి పని. ప్రతి సాక్ష్యానికీ ముందు వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని దేన్ని రుజువు చేయడానికి తెస్తున్నారు? ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయగలిగితే హియర్‌సేలో సగం అక్కడే తేలిపోతుంది. కోర్టు బయట అన్నంత మాత్రాన ఒక మాట హియర్‌సే అయిపోదు. ఆ మాటలోని సంగతి నిజమని నమ్మించడానికి తెచ్చినప్పుడే హియర్‌సే. మినహాయింపుల్లో నిజంగా చేతిలో ఉండాల్సినవి పది పన్నెండు మాత్రమే. ఇండియా చదువు తప్పకుండా పనికొస్తుంది, కానీ మూడు చోట్ల గట్టిగా దారి తప్పిస్తుంది. అవి విడిగా చెప్తాను.

నేనూ ఇండియాలో లా చదివి, ఇక్కడ మళ్లీ చదివి, న్యూజెర్సీలో ప్రాక్టీసు చేస్తున్నాను. మొదట్లో క్రిమినల్ డిఫెన్స్ చేశాను, ఇప్పుడు ఎక్కువగా యాక్సిడెంట్ కేసులు, ఫ్యామిలీ కేసులు. ఇక్కడ రాసేది 1975 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ రూల్స్ ఆఫ్ ఎవిడెన్స్ ప్రకారం. రాష్ట్రాల కోర్టులకు వాటి సొంత నియమాలు ఉంటాయి. ఎక్కువ రాష్ట్రాలు ఫెడరల్ నమూనానే తీసుకున్నాయి, కాలిఫోర్నియాకు మాత్రం అంతకు ముందునుంచే వేరే కోడ్ ఉంది. మీ క్లాసులోనూ, బార్ పరీక్షలోని ఆబ్జెక్టివ్ భాగమైన ఎంబీఈలోనూ అడిగేది ఫెడరల్ రూల్సే కాబట్టి వాటితోనే ఉండండి.

ముందుగా జ్యూరీని మనసులో పెట్టుకోండి

ఇండియాలో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ విచారణకు 1973 సీఆర్‌పీసీతో తెరపడింది. అప్పటినుంచి సాక్ష్యం వినేదీ, దాని విలువ కట్టేదీ జడ్జీయే. అందుకే మన ట్రయల్ కోర్టుల్లో ఒక పత్రం మీద అభ్యంతరం వస్తే, చాలాసార్లు 'అభ్యంతరానికి లోబడి' అని మార్క్ చేసి ముందుకు వెళ్లిపోతారు. అది పనికొస్తుందో లేదో తీర్పులో చూసుకుంటారు.

ఇక్కడ అది కుదరదు. జ్యూరీలో కూర్చునేవాళ్లు నర్సు, ఎలక్ట్రీషియన్, రిటైరైన టీచర్ లాంటి మామూలు మనుషులు. ఒక మాట వాళ్ల చెవిన పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోలేం. అందుకే ఏది వాళ్ల ముందుకు రావాలన్న పోరాటం ముందే జరుగుతుంది. ట్రయల్‌కు ముందు మోషన్లు వేస్తారు. ట్రయల్ మధ్యలో అయితే జ్యూరీకి వినపడకుండా జడ్జీ బెంచి పక్కన నిలబడి వాదించుకుంటారు. అమెరికా ఎవిడెన్స్ నియమాల్లో వింతగా కనిపించేవి చాలావరకు ఈ ఒక్క కారణంతో అర్థమవుతాయి. ఫ్యామిలీ కోర్టులో జ్యూరీ ఉండదు, అయినా నియమాలు అవే. జడ్జీలు కొంచెం ఉదారంగా చూస్తారంతే.

'దేనికోసం' అనేది ఎలా పనిచేస్తుందో చూడండి

నేను చూసిన ఒక కేసు చెప్తాను. సూపర్‌మార్కెట్‌లో ఒకావిడ నీళ్లమీద కాలు జారి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆమె పడటానికి కొంతసేపు ముందు వేరే కస్టమర్ మేనేజర్ దగ్గరికి వెళ్లి, 'పాల ఫ్రిజ్ దగ్గర నేలంతా నీళ్లున్నాయి' అని చెప్పడం ఒక క్యాషియర్ విన్నాడు. ఆ కస్టమర్ ఎవరో తెలియదు, కోర్టుకు రాదు. క్యాషియర్ ఆ మాటను జ్యూరీకి చెప్పవచ్చా?

నేలమీద నీళ్లున్నాయని రుజువు చేయడానికి అయితే అది హియర్‌సే. ఆ కస్టమర్ సరిగ్గా చూసిందో లేదో, నిజం చెప్పిందో లేదో అడగడానికి ఆమె ఇక్కడ లేదు. కానీ మేనేజర్‌కు విషయం తెలిసినా తుడిపించలేదని రుజువు చేయడానికి అయితే హియర్‌సే కాదు. అప్పుడు మనకు కావలసింది ఆ మాట మేనేజర్ చెవిన పడిందన్న సంగతి మాత్రమే. ఆ సంగతి క్యాషియర్ స్వయంగా విన్నాడు, అతన్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలతో పరీక్ష) చేయవచ్చు. నీళ్లు ఉన్నాయనడానికి మాత్రం మనం వేరే సాక్ష్యం తెచ్చుకోవాలి. ఆ కేసులో తడిసిన బట్టలు, పడిన వెంటనే ఫోన్‌తో తీసిన ఫొటో ఉన్నాయి.

అవతలి లాయరు తెలివైనవాడైతే ఇక్కడ రూల్ 105 వాడతాడు. 'ఈ మాటను మేనేజర్‌కు తెలుసా లేదా అన్నదానికే వాడండి, నీళ్లు ఉన్నాయనడానికి వాడకండి' అని జ్యూరీకి చెప్పమని జడ్జీని అడుగుతాడు. అడిగితే జడ్జీ చెప్పి తీరాలి. అడగకపోతే పోయినట్టే. పరీక్షలో ఈ ఒక్క ముక్క రాస్తే మీరు కోర్టును ఊహించుకుని రాస్తున్నారని ప్రొఫెసర్‌కు తెలుస్తుంది.

ఇలా హియర్‌సే కాకుండా వచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. 'ఈ కారు నీకు 8,000 డాలర్లకు ఇస్తాను' అన్న మాట ఆఫరు. ఆ మాట అనడంతోనే చట్టపరమైన ఫలితం పుడుతుంది, అందులో నిజం, అబద్ధం తేల్చే పని లేదు. సాక్షి ఇవాళ ఒకటి, ఆరు నెలల కింద పోలీసులకు ఇంకొకటి చెప్పాడని చూపించడం అతని మాటకు విలువ తగ్గించడానికి, పాత మాట నిజమనడానికి కాదు. అదే పాత మాట నిజమని వాడాలంటే ఫెడరల్ రూల్స్ ప్రకారం అది ప్రమాణం మీద, విచారణలోనో డిపాజిషన్‌లోనో (ట్రయల్‌కు ముందు లాయర్లు తీసుకునే వాంగ్మూలం) చెప్పినదై ఉండాలి. ఇది 801(డి)(1)(ఏ). కాలిఫోర్నియాలో ఈ షరతు లేదు. పోలీస్ స్టేషన్‌లో చెప్పిన మాటనూ పూర్తి సాక్ష్యంగా తీసుకుంటారు.

ఇండియా చదువు దారి తప్పించే మూడు చోట్లు

మొదటిది రెలవెన్స్. మన 1872 చట్టంలో ఏ సంగతి 'రెలవెంట్' అన్నది సెక్షన్ల వారీగా రాసి ఉంది. మరణ వాంగ్మూలం, అడ్మిషన్, నిపుణుడి అభిప్రాయం, అన్నీ ఆ పేరుతోనే లోపలికి వస్తాయి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అదే కూర్పు. అందువల్ల మనకు రెలవెంట్ అంటే కోర్టులో చెల్లేది అని అలవాటైపోయింది. ఇక్కడ రెలవెన్స్ చాలా చిన్న గడప. రూల్ 401 ప్రకారం కేసుకు సంబంధించిన ఒక సంగతిని ఇసుమంత నమ్మదగినదిగానో, నమ్మదగనిదిగానో చేస్తే చాలు. అసలు పరీక్షలన్నీ ఆ గడప దాటాక మొదలవుతాయి. అన్నీ దాటివచ్చినదాన్ని కూడా రూల్ 403 కింద జడ్జీ ఆపేయవచ్చు, దాని ఉపయోగం కన్నా జ్యూరీ మనసు అన్యాయంగా విరిచే ప్రమాదం బాగా ఎక్కువ అనిపిస్తే. 'బాగా' అన్న మాట జారవిడవకండి. కొంచెం ఎక్కువైతే సరిపోదు, త్రాసు సాక్ష్యాన్ని లోపలికి రానిచ్చే వైపే మొగ్గి ఉంటుంది.

రెండోది పోలీసుల దగ్గర నేరాంగీకారం. పాత సెక్షన్ 25 మనకు నరాల్లో ఉంటుంది, కొత్త చట్టంలో అది 23. పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువు చేయడానికి వీల్లేదు. ఇక్కడ దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితి. నిందితుడు డిటెక్టివ్‌తో అన్న ప్రతి మాటా 801(డి)(2), అంటే ఎదుటి పార్టీ సొంత మాట అన్న నియమం కింద హియర్‌సే కానే కాదు, నేరుగా జ్యూరీ ముందుకు వస్తుంది. అడ్డుకోవాలంటే ఎవిడెన్స్ రూల్స్‌లో కాకుండా రాజ్యాంగంలో వెతకాలి. 1966 మిరాండా తీర్పు ప్రకారం హక్కులు (మాట్లాడకుండా ఉండే హక్కు, లాయరు హక్కు) చెప్పారా, ఒప్పుకోలు స్వచ్ఛందమేనా అన్నవి అక్కడి వాదనలు. కొత్తగా వచ్చిన మనవాళ్లు కొందరు, 'పోలీసులకు చెప్పింది కోర్టులో చెల్లదు కదా' అనే ధీమాతో డిటెక్టివ్ ముందు గంటలకొద్దీ మాట్లాడిన కేసులు నాకు వచ్చాయి. ఆ రికార్డింగు విన్నాక డిఫెన్స్ లాయరు చేయగలిగింది చాలా తక్కువ. మీరు రేపు ప్రాక్టీసు చేసినా చేయకపోయినా, ఈ ఒక్క విషయం మీకు తెలిసినవాళ్లందరికీ చెప్పండి.

మూడోది మరణ వాంగ్మూలం. దీనికి కొంచెం సమయం ఇస్తాను, ఎందుకంటే మన నేలమీద పుట్టిన కేసు ఒకటి ఇక్కడి రెండు పెద్ద కేసుల పక్కన అచ్చంగా కూర్చుంటుంది.

పిఠాపురం, కాన్సాస్

పాకాల నారాయణ స్వామి కేసు మీరు ఎల్ఎల్‌బీలో చదివే ఉంటారు. పిఠాపురం దివాన్ దగ్గర పనిచేసిన ఒక ప్యూన్ 1937 మార్చిలో బరంపురం బయలుదేరాడు. వెళ్లేముందు భార్యతో, నిందితుడి భార్య దగ్గరనుంచి ఉత్తరం వచ్చిందనీ, బాకీ డబ్బు తీసుకోవడానికి వెళ్తున్నాననీ చెప్పాడు. తర్వాత అతని శవం పూరీలో రైలు పెట్టెలో, ట్రంకులో ముక్కలుగా దొరికింది. భార్యకు చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుందా అన్నది 1939లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మన కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు) ముందుకు వచ్చింది. లార్డ్ అట్కిన్ చెల్లుతుందన్నారు. మరణ వాంగ్మూలం గురించిన మన పాత సెక్షన్ 32(1)కి చనిపోతానన్న భయం అక్కర్లేదు, చావుకు దారితీసిన వ్యవహారంలోని పరిస్థితుల గురించి చెప్పిన మాటైతే చాలు.

ఇదే మాట ఇవాళ అమెరికా కోర్టులో అయితే? మరణ వాంగ్మూలం అన్న తలుపు మూసుకుపోతుంది. రూల్ 804(బి)(2) ప్రకారం చెప్పినవాడు చావు దగ్గర పడిందని నమ్మి చెప్పి ఉండాలి, తన చావుకు కారణమో పరిస్థితులో చెప్పి ఉండాలి. పైగా అది హత్య కేసులోనో, సివిల్ కేసులోనో మాత్రమే చెల్లుతుంది. దోపిడీ కేసులో చెల్లదు. రైలెక్కడానికి బయలుదేరిన మనిషికి చావు తలపే లేదు.

అయితే వేరే తలుపు ఉంది. కాన్సాస్‌లో 1879లో క్రూకెడ్ క్రీక్ దగ్గర ఒక మనిషి తుపాకీ గుండుకు చనిపోయాడు. చనిపోయింది తన భర్త జాన్ హిల్‌మన్ అని శాలీ హిల్‌మన్ 25,000 డాలర్ల ఇన్సూరెన్స్ అడిగింది. కంపెనీలు ఒప్పుకోలేదు. ఆ శవం వాల్టర్స్ అనే మరో మనిషిదని వాదించాయి. వాల్టర్స్ తన సోదరికీ, పెళ్లాడబోయే అమ్మాయికీ విచిటా నుంచి ఉత్తరాలు రాశాడు, హిల్‌మన్ అనే అతనితో కలిసి ప్రయాణం కడుతున్నానని. 1892లో సుప్రీంకోర్టు ఆ ఉత్తరాలు చెల్లుతాయంది. ఒక మనిషి ఫలానా పని చేయాలనుకున్నాడంటే, అది చేసి ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ సూత్రమే ఇప్పటి రూల్ 803(3), అంటే మాట్లాడే క్షణంలో మనసులో ఉన్న ఉద్దేశం.

ఇప్పుడు పిఠాపురం మాటను 803(3)లో పెట్టి చూడండి. 'బరంపురం వెళ్తున్నాను' అన్నది ముందుచూపు మాట, వస్తుంది. 'ఉత్తరం వచ్చింది, ఆమె రమ్మంది' అన్నది జరిగిపోయిన సంగతి, జ్ఞాపకం. 803(3) జ్ఞాపకాన్ని రానివ్వదు. ఒకే వాక్యంలో సగం లోపల, సగం బయట. 'ఫలానా ఆయనను కలవడానికి' అన్న ముక్క మీద కోర్టులు ఇంకా విడిపోయే ఉన్నాయి. ఈ నియమాలు చేసిన రోజుల్లో హౌస్ కమిటీ తన రిపోర్టులో, ఈ మినహాయింపు మాట్లాడినవాడు తర్వాత ఏం చేశాడన్నదానికే గానీ ఇంకొకరు ఏం చేశారన్నదానికి కాదని రాసింది. కొన్ని కోర్టులు దానికి కట్టుబడ్డాయి, కొన్ని వేరే సాక్ష్యం తోడుంటే ఒప్పుకుంటాయి. పరీక్షలో రెండు వైపులా రాయండి.

రెండో కేసు 1933 నాటి షెపర్డ్. ఆర్మీ డాక్టరు భార్య జబ్బుపడి, నర్సుతో 'డాక్టర్ షెపర్డ్ నాకు విషం పెట్టాడు' అని చెప్పి, కొన్నాళ్లకు చనిపోయింది. మన 32(1) కింద ఇది నేరుగా వచ్చేస్తుంది, సందేహమే లేదు. ఇక్కడ ఆమె ఆశ వదులుకుని చెప్పిందని రుజువు కాలేదు కాబట్టి మరణ వాంగ్మూలం కాలేదు. అప్పుడు ప్రభుత్వం, ఆమె ఆత్మహత్య చేసుకునే మనసుతో లేదని చూపడానికే ఆ మాట తెచ్చామంది. జస్టిస్ కార్డోజో ఒప్పుకోలేదు. ఆ మాట వెనక్కి చూస్తోంది, ఇంకొకరు చేసిన పనిని వేలెత్తి చూపిస్తోంది. అంత గట్టి నింద విన్నాక ఆమె మనఃస్థితికి మాత్రమే వాడుకోమంటే మామూలు మనుషుల వల్ల కాదన్నారు. శిక్ష రద్దయింది.

ఈ మూడు కేసులూ పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చోండి. నా దగ్గర పనిచేసిన లా విద్యార్థులకు 803(3) ఎక్కింది ఇలాగే.

మీ క్లయింటు మాట, అవతలివాడి మాట

ఫ్యామిలీ కేసుల్లో నాకు దాదాపు ప్రతిసారీ ఎదురయ్యేది వాట్సాప్. క్లయింటు ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లతో వస్తుంది. భర్త పంపిన బెదిరింపులు ఉంటాయి, తను అక్కకు 'ఇవాళ మళ్లీ కొట్టాడు' అని పంపిన మెసేజ్‌లూ ఉంటాయి. ఆమె దృష్టిలో రెండూ ఒకే సాక్ష్యం. నియమాల దృష్టిలో మాత్రం కాదు.

భర్త పంపినవి ఎదుటి పార్టీ మాటలు. 801(డి)(2)(ఏ) కింద వచ్చేస్తాయి. అవి నిజంగా ఆయనవేనని రూల్ 901 ప్రకారం చూపిస్తే చాలు. నంబరు ఆయనది, ఇద్దరికే తెలిసిన సంగతులు అందులో ఉన్నాయి, ఆ నంబరుకే జవాబులు వెళ్లాయి, ఇలాంటివి కలిపి చూపిస్తాం. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టుకుని ఫోన్ మార్చేయవద్దని ప్రతి క్లయింటుకూ చెప్తాను.

ఆమె అక్కకు పంపినవి మాత్రం ఆమె సొంత మాటలు. మన మాటను మనమే ఈ దారిలో తెచ్చుకోలేం. ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్లు పడే బాధ చూడలేం. 'నిజం రాసుకున్నాను కదండీ' అంటారు. అందుకే దారులు వెతకాలి. కొట్టిన వెంటనే, ఇంకా వణుకుతూ పంపిందైతే 803(2), ఉద్వేగంలో వచ్చిన మాట. 'నాకు భయంగా ఉంది' అన్నది 803(3). విడాకుల కోసం ఈ కథ అల్లిందని అవతలి లాయరు క్రాస్‌లో అంటే, ఆ ఉద్దేశం పుట్టడానికి ముందే పంపిన మెసేజ్ 801(డి)(1)(బి) కింద తలుపు తీస్తుంది. ఆ 'ముందే' అన్న షరతు 1995లో టోమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలాసార్లు అవతలివాళ్ల దాడే మనకు దారి ఇస్తుంది. ఇంకొకటి, భర్త తరఫువాళ్లు సంభాషణలో తమకు పనికొచ్చే నాలుగు లైన్లే చూపిస్తే, రూల్ 106 కింద మిగతాది కూడా చూపమని అడగవచ్చు. 2023 సవరణ తర్వాత హియర్‌సే అన్న అభ్యంతరం దానికి అడ్డం కాదు.

ఎదుటి పార్టీ మాట ఎంత దూరం వస్తుందో తెలియాలంటే 1978లో ఎనిమిదో సర్క్యూట్ కోర్టు ఇచ్చిన మాహ్లాంట్ తీర్పు చదవండి. మిస్సోరీలో తోడేళ్లను సంరక్షించే ఒక సెంటర్ ఉద్యోగి ఇంట్లో సోఫీ అనే తోడేలు ఉండేది. ఒక చిన్నపిల్లవాడికి దాని దగ్గర గాయాలయ్యాయి. ఉద్యోగి కళ్లారా చూడలేదు, అయినా 'మా పెరట్లోకి వచ్చిన పిల్లవాణ్ణి సోఫీ కరిచింది' అని పై అధికారికి చీటీ రాశాడు. చూడనివాడి మాట ఎలా చెల్లుతుందని ట్రయల్ జడ్జీ ఆపేశారు. అప్పీలు కోర్టు చెల్లుతుందంది. పార్టీ సొంత మాటకు స్వయంగా తెలిసి ఉండాలన్న షరతు లేదు. ఆ చీటీ ఉద్యోగి మీదా, సెంటర్ మీదా చెల్లింది. బోర్డు మీటింగు మినిట్స్ మాత్రం సెంటర్ మీద చెల్లాయి గానీ ఆ మీటింగులో లేని ఉద్యోగి మీద చెల్లలేదు. ఎవరి మాట, ఎవరి మీద, ఈ రెండూ వేరువేరుగా రాసుకునే అలవాటు ఈ కేసుతో వస్తుంది.

ఇక మినహాయింపుల సంగతి

నంబర్లు కాదు, ప్రతిదాన్నీ ఎందుకు నమ్ముతున్నారో గుర్తుపెట్టుకోండి. చూస్తూనే అన్న మాటలోనూ, ఉద్వేగంలో అన్న మాటలోనూ అబద్ధం అల్లే తీరిక లేదు కాబట్టి 803(1), (2). వైద్యం సరిగా జరగాలని డాక్టరుకు నిజం చెప్తారు కాబట్టి 803(4). వ్యాపార, ప్రభుత్వ రికార్డులు రోజూ చేసే పనిలో భాగంగా రాస్తారు కాబట్టి 803(6), (8). తనకే నష్టం తెచ్చే మాట ఎవరూ ఊరికే అనరు కాబట్టి 804(బి)(3). పెళ్లి సర్టిఫికెట్లు, వంశవృక్షాలు, ఆస్తి పత్రాల మినహాయింపులు ఒకసారి చదివి వదిలేయండి. పాత పత్రాల మినహాయింపు ఒక్కటి మారింది, చూసుకోండి. ఇప్పుడది 1998 జనవరి 1కి ముందు తయారైన పత్రాలకే.

ఎమర్జెన్సీ రూమ్ రికార్డు పరీక్షల్లో పదేపదే వస్తుంది, కోర్టులోనూ అంతే. 'కారు గుద్దింది, ఎడమ మోకాలు నొప్పి' అని పేషెంట్ చెప్తే నర్సు రాసుకుంది. ఇందులో రెండు పొరలున్నాయి. రూల్ 805 ప్రకారం రెండింటికీ విడివిడిగా దారి చూపాలి. రికార్డు 803(6) కింద, పేషెంట్ మాట 803(4) కింద వస్తాయి. అదే పేషెంట్ 'వాడు రెడ్ సిగ్నల్ దాటి వచ్చాడు' అంటే అది వైద్యానికి అక్కర్లేని మాట, సాధారణంగా ఆ ముక్క నల్లగా కొట్టేసి మిగతాది జ్యూరీకి ఇస్తాం. 803(6)కూ హద్దు ఉంది. యాక్సిడెంట్ జరిగాక రైల్వే కంపెనీ తన ఇంజిన్ డ్రైవరుతో రాయించుకున్న రిపోర్టు వ్యాపార రికార్డు కాదని 1943లోనే పామర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రైళ్లు నడపడం వాళ్ల వ్యాపారం, కోర్టు కోసం కాగితాలు తయారుచేయడం కాదు.

క్రిమినల్ కేసైతే ఇంకో తాళం

ఇక్కడ విద్యార్థులు మార్కులు పోగొట్టుకుంటారు. హియర్‌సే మినహాయింపు దొరికిందని ఆగిపోతారు. నిందితుడికి అమెరికా రాజ్యాంగం ఆరో సవరణ కింద తన మీద సాక్ష్యం చెప్పేవారిని ఎదుర్కొనే హక్కు ఉంది, అది వేరే పరీక్ష. 2004లో క్రాఫర్డ్ కేసు అంతకుముందున్న పద్ధతిని మార్చేసింది. భార్య పోలీసులకిచ్చిన టేపు వాంగ్మూలాన్ని ప్రాసిక్యూషన్ భర్త మీద వాడింది, భార్యాభర్తల ప్రివిలేజ్ (రెండోవారు ఒప్పుకోకుండా ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పకూడదన్న నియమం) వల్ల ఆమె బోను ఎక్కలేదు. నమ్మదగినదిగా ఉంది కదా అన్న కారణం చాలదని కోర్టు చెప్పింది. సాక్ష్యం లాంటి మాట అయితే, ఆమె రాలేని పరిస్థితి ఉండాలి, నిందితుడికి ముందే క్రాస్ చేసే అవకాశం దొరికి ఉండాలి.

'సాక్ష్యం లాంటి మాట' ఏదన్నది 2006 డేవిస్ తీర్పుతో కొంత తేలింది. ప్రమాదం నడుస్తుండగా సహాయం కోసం 911కు చెప్పింది కాదు, గొడవ సద్దుమణిగాక జరిగింది పోలీసులకు వివరించింది అవును. డిఫెన్స్‌లో ఉన్నప్పుడు నేను 911 రికార్డింగును నిమిషం నిమిషం విడగొట్టుకుని వినేవాణ్ణి. మొదటి నిమిషం ఏడుపు లోపలికి వస్తుంది. ఆపరేటరు ప్రశ్నలు 'ఏం జరుగుతోంది' నుంచి 'ఇంతకుముందు ఏం జరిగింది' అన్నదానికి ఎక్కడ మళ్లాయో అక్కడినుంచి వాదించవచ్చు. ల్యాబ్ రిపోర్టులదీ ఇదే దారి. 2009 మెలెండెజ్ డయాజ్ ప్రకారం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, పరీక్ష చేసినవాళ్లు రావాలి. వాళ్ల బదులు వేరే నిపుణుణ్ణి బోనెక్కించి, రానివాళ్ల నోట్సులోని మాటలను నిజమన్నట్టుగా చెప్పించడం కుదరదని 2024లో స్మిత్ వర్సెస్ అరిజోనాలో చెప్పారు.

ప్రవర్తన సాక్ష్యానికీ అదే ప్రశ్న

రూల్ 404 గురించి మీరు అడగలేదు, కానీ 'దేనికోసం' అన్న ప్రశ్న అక్కడా అంతే పదునుగా పనిచేస్తుంది. పాత దొంగతనం చూపించి 'వీడు దొంగే, ఇదీ వీడే చేసుంటాడు' అనడానికి వీల్లేదు. అదే తాళం తీసే అరుదైన పద్ధతి రెండు చోట్లా ఒకటేనని చూపించి, మనిషి ఇతడేనని చెప్పడానికి తేవచ్చు. తెచ్చాక కూడా 403 ఉంది. 1997 ఓల్డ్ చీఫ్ కేసులో నిందితుడు తనకు పాత నేరశిక్ష ఉందని ఒప్పుకుంటానన్నాడు. ప్రభుత్వం మాత్రం అది ఎలాంటి నేరమో జ్యూరీకి చెప్పి తీరాలని పట్టుపట్టింది. నేరుగా ఒప్పుకున్నాక ఆ వివరం జ్యూరీని రెచ్చగొట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది.

చదువుకునే పద్ధతి

ప్రతి ప్రశ్నకూ ఈ వరుసలో రాయండి: దేనికోసం తెస్తున్నారు, రెలవెంటా, కోర్టు బయట మాటా, అందులోని సంగతి నిజమనడానికేనా, 801(డి)లో పడుతుందా, ఏదైనా మినహాయింపు ఉందా, క్రిమినల్ అయితే క్రాఫర్డ్, ఆఖరున 403. అభ్యంతరం చెప్పేటప్పుడు కారణం పేరు పెట్టి చెప్పాలి. రూల్ 103 ప్రకారం సమయానికి, ఫలానా కారణమని చెప్పకపోతే అప్పీలులో ఆ పాయింటు దాదాపు పోయినట్టే. 'ఇది అన్యాయం యువర్ ఆనర్' అంటే రికార్డులో ఏమీ మిగలదు. వీలైతే మీ ఊళ్లోని కౌంటీ కోర్టులో ఒక జ్యూరీ ట్రయల్ చూడండి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

సీనియర్ల దగ్గర పాత రూల్స్ పుస్తకం తీసుకుంటే మాత్రం జాగ్రత్త. 2023 డిసెంబరు 1న నిపుణుల సాక్ష్యం గురించిన రూల్ 702 మారింది. అభిప్రాయం నమ్మదగినదని తెచ్చినవాళ్లే జడ్జీ ముందు చూపించాలని అందులో స్పష్టంగా చేర్చారు. 2024 డిసెంబరు 1న ఇంకొన్ని మారాయి. వివరించడానికి వాడే చార్టులు, స్లైడ్ల కోసం కొత్తగా రూల్ 107 వచ్చింది. 613(బి) ప్రకారం ఇప్పుడు సాక్షికి ముందు వివరించుకునే అవకాశం ఇచ్చాకే, అతని పాత విరుద్ధమైన మాటకు బయటి సాక్ష్యం తేవాలి. పాత పుస్తకాల్లో ఈ వరుస తర్వాతైనా సరిపోతుందని ఉంటుంది. 801(డి)(2), 804(బి)(3), 1006లోనూ మార్పులున్నాయి, కాబట్టి 2025లోనో ఆ తర్వాతో అచ్చయిన పుస్తకమే కొనండి.